హెడ్‌లైట్‌కి చెమట పట్టింది, ఎవరి మాట వినాలి?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. నేను టీచర్ని. మా వారు టెక్కలిలో పనిచేస్తారు, తెల్లవారక ముందే పాతపట్నం మీదుగా కారులో బయల్దేరతారు. కారు 2019 మోడల్, చిన్నది, సెకండ్ హ్యాండ్‌లో బరంపురంలో కొన్నాం. దీపావళికి ముందు హెడ్‌లైట్లకి తెల్లటి ఎల్‌ఈడీ బల్బులు వేయించాం. కార్తీకం వచ్చాక ఎడమవైపు హెడ్‌లైట్ గ్లాసు లోపల ఆవిరి పట్టడం మొదలైంది. కుడివైపు కూడా పొద్దున్న కొంచెం పడుతుంది గాని ఆయన టెక్కలి చేరేసరికి పోతుంది. ఎడమవైపుది మధ్యాహ్నం దాకా పోదు. కింద మూలలో నీళ్లు కూడా ఉన్నాయి, కారు మలుపు తిరిగితే అటూ ఇటూ జారుతున్నాయి. ఒక మెకానిక్ అసెంబ్లీ, అంటే హెడ్‌లైట్ పెట్టె మొత్తం, మార్చాలి, 9 వేలు అన్నాడు. ఇంకొకాయన చుట్టూ సిలికాన్ పెట్టేస్తాను, 500 ఇవ్వండి అన్నాడు. మా మావయ్యగారేమో కింద చిన్న కన్నం పెడితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి అంటున్నారు. రోజూ టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

జవాబు: ముగ్గురి మాటా వినకండమ్మా, ఈ వారానికి. మీ ప్రశ్నకి సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. కుడివైపుది పోతోంది, ఎడమవైపుది పోవడం లేదు అన్నారు. దీపావళి ముందు బల్బులు మార్పించామన్నారు. మెకానిక్ దగ్గరికి వెళ్లి ఇవి రెండూ చెప్పకుండా "నీళ్లొస్తున్నాయి" అని ఒక్క ముక్క అంటే, పాపం అతనైనా ఏం చేస్తాడు, అసెంబ్లీ అంటాడు.

ముందు కుడివైపు సంగతి. దానికి ఏ జబ్బూ లేదు. హెడ్‌లైట్ అంటే సీసా మూతలా బిగించిన పెట్టె కాదు. లైటు వెలిగితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆర్పితే చల్లబడి ముడుచుకుంటుంది. ఆ గాలి పోవడానికీ రావడానికీ దారి లేకపోతే అతుకులు వదిలేస్తాయి. అందుకని కంపెనీవాళ్లే వెనకవైపు చిన్న చిన్న గాలిదారులు పెడతారు. ఒక దాంట్లో వంకర రబ్బరు గొట్టం ఉంటుంది, ఒక దాంట్లో స్పాంజి ముక్క, కొన్నిటికి ఆవిరి దాటుతుంది గాని నీటి చుక్క దాటని పల్చటి పొర. ఆ దారుల్లోంచి హెడ్‌లైట్ ఊపిరి తీస్తుంది. రాత్రి మీ వీధిలో ఉన్న తడిగాలే అది పీల్చేది. తెల్లవారుజామున ముందు గ్లాసు అన్నిటికన్నా చల్లగా ఉంటుంది కాబట్టి ఆ తేమ అక్కడ చెమర్చుతుంది. చల్లటి నీళ్లు పోసిన స్టీలు గ్లాసుకి బయట చెమట పట్టినట్టే, ఇక్కడ లోపల. మీ పక్కన ఒడియావాళ్లు ఈ మంచు బొట్లని 'కాకర' అంటారు కదా. మొదటిసారి విన్నప్పుడు కారు మీద కాకర పడిందంటే పాదు ఏదైనా తెగి పడిందేమో అనుకున్నాను నేను.

మహేంద్రతనయ ఒడ్డున, చుట్టూ కొండలున్న ఊరు మీది. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మంచు దట్టంగా ఉంటుంది. ఆ రోజుల్లో గ్లాసు లోపల సన్నటి తెర పట్టి, లైటు వేసుకుని అరగంటో ముప్పావుగంటో పోయాక అదే కరిగిపోతే దాని జోలికి పోవద్దు. చాలా కంపెనీలు కారుతో ఇచ్చే పుస్తకంలోనే ఇది లోపం కాదని రాస్తాయి. పెద్ద చుక్కలు కట్టినా, అడుగున నీరు నిలిచినా మాత్రం చూపించమంటాయి.

ఇక ఎడమవైపు. ఇక్కడ చిన్న లెక్క చెప్తాను, మీరు టీచరు కాబట్టి. 25 డిగ్రీల దగ్గర గాలి ఎంత నిండుగా తేమ పట్టినా, ఒక ఘనపు మీటరులో సుమారు 23 గ్రాముల నీటికి మించి మోయలేదు. మీ కారు హెడ్‌లైట్ లోపలి ఖాళీ 10 లీటర్లు అనుకుందాం, నిజానికి ఇంకా తక్కువే ఉండొచ్చు. అంటే లోపలి గాలిలో ఉండగలిగిన నీరు పావు గ్రాము కూడా కాదు. చంటిపిల్లల మందు డ్రాపర్‌తో వేస్తే నాలుగైదు చుక్కలు. ఆ నాలుగు చుక్కలే గ్లాసంతా పరుచుకుని భయపెడతాయి. మరి మలుపులో అటూ ఇటూ జారేంత నీరు? అది ఒకటి రెండు చెంచాలైనా ఉంటుంది. మంచి హెడ్‌లైట్ ఒక్క రాత్రి పీల్చిన ఊపిరితో రాదు. అయితే నీరు నీరుగానే ఎక్కడినుంచో దిగుతోంది, లేదా వెనక ఉండాల్సిన మూత లేక లోపలికి రావలసిన దానికన్నా ఎన్నో రెట్ల తడిగాలి రాత్రింబవళ్లు వచ్చి పోతూ ఉంది. ఈ రెండిట్లో ఏది అన్నది తేలితే వైద్యం తేలినట్టే.

తేల్చడానికి మూడు రూపాయల సెల్లోటేపు చాలు. సాయంత్రం కారు సమంగా ఉన్న చోట పెట్టి, మూలలో నీటిమట్టం ఎక్కడుందో గ్లాసు బయట టేపు ముక్క అంటించి పెన్నుతో గీత గీయండి. ఫోన్‌తో ఫోటో తీయండి. తర్వాత రెండు రాత్రులు కారుని షెడ్డు కిందో పోర్టికోలోనో ఉంచండి, కడగొద్దు, వాన తగలనివ్వొద్దు. మూడో పొద్దున అదే చోట పెట్టి చూడండి. వానా లేదు, కడగడమూ లేదు, అయినా మట్టం తగ్గలేదు లేదా గీత దాటి పెరిగింది అంటే, తేమ గాలి రూపంలో వస్తోంది. అలాంటప్పుడు చూడాల్సింది వెనకవైపు. మట్టం కాస్త కాస్త తగ్గుతూ ఉండి, కారు కడిగిన రోజునో వాన పడిన రోజునో మళ్లీ పెరిగితే, ముందు గ్లాసు అతుకు దగ్గరో పెట్టెకో చీలిక ఉంది. నూటికి నూరుపాళ్లూ ఇలాగే తేలుతుందనను, రెండూ కలిసి ఉన్న కార్లు చూశాను. కాని దారి మాత్రం చూపిస్తుంది.

టేపు పరీక్ష నడుస్తుండగానే బానెట్ ఎత్తి ఎడమ హెడ్‌లైట్ వీపు చూడండి. నా అనుమానం అంతా అక్కడే. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఫోన్ టార్చి వేసుకుని. బల్బు ఉన్న చోట గుండ్రటి నల్ల రబ్బరు టోపీ ఉండాలి. కొన్ని కార్లకి తిప్పి బిగించే ప్లాస్టిక్ మూత. రబ్బరు టోపీ అయితే మధ్యలో బల్బు మూడు కాళ్లు బయటికి వచ్చి కప్లర్‌కి, అంటే వైరు చివరి ప్లగ్గుకి, తగులుతాయి, దాని అంచు చుట్టూ పెట్టె గాడిలో కూర్చోవాలి. చాలావాటి మీద 'టాప్' అని అచ్చు ఉంటుంది, అది పైకి ఉండాలి. తలకిందులుగా పెడితే కింద మడత పడి సన్న సందు మిగులుతుంది. వేలు చుట్టూ తిప్పి తడిమి చూడండి. కంటికి సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది, వేలికి మాత్రం ఒకచోట పెదవి లేచినట్టు తగులుతుంది.

ఇప్పుడు దీపావళి సంగతి. మామూలు హాలోజన్ బల్బు పొట్టిగా ఉంటుంది, టోపీ చక్కగా మూసుకుంటుంది. ఎల్‌ఈడీ బల్బుకి వెనక తోక ఉంటుంది. వేడి బయటికి పంపే అల్యూమినియం రెక్కలో, చిన్న ఫ్యానో. దాని మీద టోపీ పట్టదు. అప్పుడు వేసిన కుర్రాడు చేసేది రెండిట్లో ఒకటి. టోపీని కత్తెరతో కోసి తోకని బయటికి లాగుతాడు, లేదా టోపీని డ్యాష్‌బోర్డు అరలో పడేస్తాడు. మీ అర ఒకసారి వెతకండి, నవ్వకండి, నేను అలా రెండు మూడు కార్లలో టోపీలు ఏరాను. ఎడమవైపే ఎందుకంటే, బానెట్ కింద బ్యాటరీ గాని ఎయిర్ ఫిల్టర్ డబ్బా గాని ఆ పక్కన ఉంటే చెయ్యి దూరదు. దూరని చోట పని సగంలో ఆగిపోతుంది. కుడివైపు శుభ్రంగా బిగించి, ఎడమవైపు వదిలేసి ఉంటాడు.

ఎల్‌ఈడీ ఇంకో విధంగా కూడా దోషి. హాలోజన్ తినే 55 వాట్లలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది, ఆ వేడి ముందు గ్లాసుకి తగిలి తేమని ఆరబెడుతుంది. ఎల్‌ఈడీ వేడి వెనక తోకలోకి పోతుంది, గ్లాసు చల్లగానే ఉంటుంది. కుడివైపు ఆవిరి టెక్కలి దాకా పోవడం లేదంటే ఇదీ ఒక కారణం. కంపెనీ నుంచే ఎల్‌ఈడీ హెడ్‌లైట్లతో వచ్చిన కొత్త కార్లలోనూ ఆవిరి కాస్త ఆలస్యంగా పోతుంది, అది చూసి ఆ కార్లవాళ్లు కంగారు పడనక్కర్లేదు. మీరు మాత్రం ఒక పని చేయండి. పాత హాలోజన్లు దాచి ఉంటే, అసలు టోపీలతో సహా, పది రోజులు వేయించి చూడండి. హాలోజన్ గాజుని వేళ్లతో ముట్టనివ్వకండి, వేలి జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. గుడ్డతోనో టిష్యూతోనో పట్టుకోవాలి. వెలుగు చాలదని 100 వాట్ల బల్బులు అంటగడతారు, వద్దు. 60/55 వాట్లకి (దూరపు వెలుగుకి 60, దగ్గరి వెలుగుకి 55) చేసిన హోల్డరూ వైరింగూ ఆ వేడికి కరిగిపోతాయి. నిజం చెప్పాలంటే హాలోజన్ కోసం చేసిన రిఫ్లెక్టర్‌లో (బల్బు వెనక వెలుగుని ముందుకి తిప్పే మెరిసే గిన్నెలో) పెట్టిన తెల్ల ఎల్‌ఈడీ బల్బులు నాకు మొదటినుంచీ గిట్టవు, ఎదురుగా వచ్చేవాడి కళ్లు పొడుస్తాయి, మన రోడ్డు మీద పడాల్సిన వెలుగు చెట్ల మీద పడుతుంది.

వెనక అంతా సవ్యంగా ఉంది, టేపు మాత్రం వాన వైపు చూపిస్తోంది అంటే పైపు పరీక్ష చేయాలి. ముందు లోపల పూర్తిగా ఆరాలి, తడి మీద తడి తెలియదు. చీకటి పడ్డాక మీ వారు టార్చి పట్టుకుని బానెట్ వైపునుంచి చూస్తుంటే, మీరు మొక్కలకి పోసే పైపుతో, మూతికి వేలు అడ్డం పెట్టకుండా, నీళ్లు మెల్లగా జారనివ్వండి. కింది అంచు దగ్గర మొదలుపెట్టి ఐదు నిమిషాలు, తర్వాత బంపర్ వైపు అంచు, తర్వాత ఫెండర్ (చక్రం మీది రేకు) వైపు, చివర్న పైన. పైనుంచి మొదలుపెడితే నీళ్లు అన్ని అతుకుల మీదుగా కారి ఎక్కడ దిగిందో తెలియకుండా పోతుంది. లోపల మొదటి చుక్క ఎక్కడ మెరిసిందో అక్కడ బయట టేపు అంటించండి. ఆ టేపుతో మెకానిక్ దగ్గరికి వెళ్తే మీకు దక్కే మర్యాదే వేరు.

చీలికలకి ఒక మాట. మీది సెకండ్ హ్యాండ్ కారు. రెండు హెడ్‌లైట్లనీ పగటి వెలుగులో పక్కపక్కన పోల్చండి. ఒకటి ఎండకి పచ్చబడి, రెండోది తేటగా ఉందా? వెనక అచ్చులో తయారైన ఏడాది గాని కంపెనీ గుర్తు గాని వేరేగా ఉన్నాయా? అయితే అమ్మినవాళ్లు చెప్పని దెబ్బ ఒకటి ఉంది. బంపర్ తగిలినప్పుడు గ్లాసు పగలకపోయినా, హెడ్‌లైట్‌ని పట్టి ఉంచే చెవి విరిగి, ఆ మూలలో వెంట్రుక సన్నం చీలిక వస్తుంది. విరిగిన చెవి తెలియాలంటే హెడ్‌లైట్‌ని మెల్లగా ఊపండి. బిగువుగా ఉండాలి, టకటకమనకూడదు. వాటర్ సర్వీసింగ్‌లో ప్రెజర్ గన్ మూతి అతుక్కి ఆనించి కొట్టినా నీరు దూరుతుంది. వాన ఆ ఒత్తిడితో పడదు, హెడ్‌లైట్‌ని దానికోసం చేయలేదు. కుర్రాడిని రెండడుగులు వెనక్కి నిలబడమనండి.

సిలికాన్ ఆయన గురించి ఇప్పుడు చెప్పాలి. ఎందుకంటే ఆ తప్పు నేనే చేశాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి ముందు జీడిమామిడి కొమ్మ విరిగి నా పాత వ్యాన్ మూతి మీద పడింది. హెడ్‌లైట్‌లో నీళ్లు. ఊళ్లో కరెంటు లేదు, షాపులు లేవు, ఉన్నదల్లా ఒక సిలికాన్ ట్యూబు. కనబడిన ప్రతి సందూ మూసేశాను, వెనకనున్న వంకర గొట్టంతో సహా. ఆ గొట్టం ఎందుకుందో నాకు అప్పుడు తెలియదు. నెల తిరక్కుండా అది చేపల తొట్టి అయింది. లోపల ఉన్న తడి బయటికి పోయే దారి లేదు. పైగా నేను వాడింది వెనిగర్ వాసన వచ్చే రకం, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లపు ఆవిరి రిఫ్లెక్టర్ మీది వెండిరంగు పూతని తినేసింది. ఉల్లిపొరలా లేచి వచ్చింది. ఆఖరికి అసెంబ్లీ కొన్నాను, ట్యూబు ఖర్చు అదనం. అందుకని సిలికాన్ పెట్టాల్సి వస్తే చీలిక ఉన్న చోటే, లోపల పూర్తిగా ఆరాకే, ఆ వాసన రాని న్యూట్రల్ రకమే. గాలిదారులు ముట్టకూడదు. గ్లాసు చుట్టూ అతుకు పాడైతే దాన్ని వేడి చేసి విప్పి బ్యుటైల్ టేపుతో (జిగురు రబ్బరు పట్టీతో) మళ్లీ అతికే పనివాళ్లు ఉంటారు, బరంపురంలోనో విశాఖలోనో అడగండి. ఇంట్లో హీట్ గన్‌తో ప్రయత్నించకండి, గ్లాసు అంటాం గాని అది పాలికార్బొనేట్ ప్లాస్టిక్, వంకర పోతుంది.

మావయ్యగారి కన్నం ఆలోచన పెద్దమనిషి తరహా ఆలోచనే, కుండకి చిల్లి పెట్టినట్టు. నీళ్లు పోతాయి. కాని ముందు చక్రం చిమ్మే బురద నీరూ, వేసవిలో ఎర్రమట్టి దుమ్మూ అదే కన్నంలోంచి లోపలికి వస్తాయి. వారంటీ ఏమైనా మిగిలి ఉంటే అదీ పోతుంది. ఆయనకి మీరే మెల్లగా చెప్పండి, నా పేరు వాడుకోండి.

ఆరబెట్టడం ఎండకే వదిలేయండి. వెనక మూత, బల్బు తీసి, కప్లర్‌కి ప్లాస్టిక్ కవరు చుట్టి, ముందు గ్లాసు ఎండకి ఎదురుగా ఉండేలా పొద్దున పదిన్నర నుంచి రెండు దాకా. వెనక కన్నానికి పల్చటి గుడ్డ కట్టండి, లేకపోతే బల్లి దూరుతుంది, అది లోపల చస్తే అదో కథ. తొందరుంటే హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడి మీద, జానెడు దూరంనుంచి. లోపలికి గుడ్డ పెట్టి రిఫ్లెక్టర్ తుడవాలని మాత్రం ఎవర్నీ చేయి పెట్టనివ్వకండి. ఆ పూత అద్దం కాదు, ఒక్క తుడుపుకే గీతలు పడుతుంది. బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు ఎండబెట్టేటప్పుడు రెండు గంటలు పెట్టొచ్చు, తర్వాత తీసేయాలి. వదిలేస్తే జారి వేడి బల్బుకి ఆనుకుంటాయి.

అసెంబ్లీ మార్చాల్సిన కార్లు కూడా ఉన్నాయి, ఆ మెకానిక్ అబద్ధాలకోరని నేను అనడం లేదు. రిఫ్లెక్టర్ పూత మసకబారినా పొరలు లేచినా, కప్లర్ పిన్నులకి పచ్చటి చిలుము పట్టి తీస్తే పొడి రాలినా, చీలిక అతికేందుకు వీలు లేని చోట ఉన్నా మార్చడమే మంచిది. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకునేరు. నీరు ఊరడం, అతుకు వదలడం ఆక్సిడెంట్ కిందికి రావు. బంపర్ దెబ్బ తగిలి ఉంటే క్లెయిమ్ వేయొచ్చు గాని, జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడ్డాయని కోత వేయని రకం) లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి సగం కోత వేస్తారు. 9 వేలకి 4,500. అందులో మీరే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు, మీలాంటి చిన్న కారుకి వెయ్యి రూపాయలు, పోగా చేతికి వచ్చేది 3,500. దానికోసం వచ్చే ఏడాది నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, వదులుకోవాలి. ఎన్నేళ్లనుంచో క్లెయిమ్ లేకుంటే ఆ బోనస్ 50 శాతం దాకా ఉంటుంది. ప్రీమియం కాగితం తీసి లెక్క వేసుకుని చూడండి.

ఇదంతా తేలేలోపు ఒక్క జాగ్రత్త, ఇది మీ వారికి. మన దేశంలో ఎడమవైపు నడుపుతాం కాబట్టి లో బీమ్ (దగ్గరికి పడే) వెలుగు ఎడమ అంచు మీదకి కాస్త దూరంగా సాగేలా రెండు లైట్లనీ దిద్దుతారు. సైకిలు మీద వెళ్లేవాడు, పాల క్యాన్లవాడు, రోడ్డు మీదే నూర్చి వదిలేసిన వరికుప్ప అన్నీ ఆ అంచునే ఉంటాయి. ఎడమ హెడ్‌లైట్ మసకగా ఉంటే సరిగ్గా ఆ వెలుగే సగం పడిపోతుంది, ఆ మంచులో. ఆరే దాకా కాస్త తెల్లవారాక బయల్దేరమనండి, ఆఫీసులో ఒక మాట చెప్పి.

రబ్బరు టోపీ కోసేసి ఉందని తేలితే కొత్తది కొనండి, పాతదానికి టేపు చుట్టి సరిపెట్టొద్దు. విడిభాగాల షాపుకి పాత ముక్క చేతిలో పట్టుకెళ్లండి, కారు మోడలూ ఏడాదీ చెప్పి, ఎడమదో కుడిదో కూడా చెప్పండి. కొన్ని మోడళ్లకి రెండువైపులా ఒకటే, కొన్నిటికి కాదు. వేసే ముందు అంచుకి రెండు చుక్కలు సబ్బునీళ్లు రాస్తే గాడిలో సులువుగా కూర్చుంటుంది.